యక్షగానానికి గడప దాటించేవారెవరు?

యక్షగానం మన డిగ్రీ విద్యార్థులకు పాఠంగా కొత్తది కాదు. నిర్వచనం, లక్షణాలు, కవులు, కృతులు అని నాలుగు శీర్షికలు పెట్టి వ్రాస్తే మార్కులు వస్తాయి. నేనూ అట్లా వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణే. ఇప్పుడు అట్లాగే వ్రాయమని చెప్తున్నవాణ్ణే. గత విద్యాసంవత్సరంలో ఆ పాఠం ముగించిన రోజు, ఉర్దూ మాధ్యమం నుంచి మన కళాశాలకు వచ్చిన ఒక విద్యార్థిని లేచి నిలబడింది. "సార్, దరువు, ద్విపద, కందార్థం అన్నీ వ్రాసుకొన్నాను. కాని యక్షగానం చూడటానికి ఎట్లా ఉంటుంది?" అని అడిగింది.

తరగతిలో నలభైమంది ఉన్నారు. మీలో ఎవరైనా చూచారా అని అడిగాను. మూడు చేతులు లేచాయి. వారిలో ఇద్దరు, కొంతసేపు చూచి అర్థంకాక ఇంటికి పోయినవారు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో, ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక ఊళ్ళో రాత్రి హార్మోనియం మోగే ఈ ప్రాంతంలో, నలభైమందిలో ఒక్కరు మాత్రమే ఒక ఆటను తుదిదాకా చూచారన్నమాట. ఇందులో ముస్లిం విద్యార్థులు, హిందూ విద్యార్థులు అన్న భేదం ఏమీ లేదు. రామాయణ భారత కథలు ఇంట్లో విన్నవారు కూడా ఈ ఆటకు పరాయివారే.

ఆ అమ్మాయి ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పటం కన్న చూపించటమే మేలని తోచి, మార్గశిర మాసంలో మల్దకల్ తిమ్మప్ప జాతర సమయాన, తల్లిదండ్రుల అనుమతితో తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరాను. ఆ రాత్రి హరిశ్చంద్ర కథ ఆడుతున్నారు. జాతర సందడి, రంగులరాట్నాల వెలుగులు, మిఠాయి అంగళ్ళు మా పిల్లలకు ఎంతో నచ్చాయి. ఆట మొదలైన తర్వాత చిక్కు వచ్చింది. ప్రార్థన ముగిసేసరికి అరగంట అయింది. తెర పట్టారు. తెర వెనుక రాజు ఉన్నాడు. పాట సాగుతున్నది, గజ్జెలు మోగుతున్నవి, రాజు మాత్రం బయటికి రాడు. వచ్చిన తర్వాతనైనా కథలోకి పోక, తన పేరు, తన వంశం, తన పట్టణం పాడి చెప్పటం మొదలుపెట్టాడు. "సార్, ఈ రాజుగారు ఎంతసేపు తన పేరే చెప్పుకొంటారు?" అని ఒకడు నా చెవిలో అడిగాడు. పదిన్నరకు చేతుల్లో సెల్‌ఫోన్లు వెలిగాయి. పదకొండు గంటలకు నా దగ్గర ఇద్దరే మిగిలారు. తక్కినవారు రంగులరాట్నం దగ్గర దొరికారు.

తిరిగి వచ్చేటప్పుడు వారి మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. ఈ తరానికి ఓపిక లేదు, రసజ్ఞత లేదు అని మనసులో తిట్టుకొన్నాను. మన వయసువారికి ఈ తిట్టు సులభంగా నోటికి వస్తుంది. అయితే మరునాడు స్థిమితంగా ఆలోచించగా తప్పు ఎవరిదో తెలిసింది. ఆ పిల్లలను అక్కడికి తీసుకొని పోయినవాణ్ణి నేను. కూర్చోబెట్టినవాణ్ణి నేను. తెర ఎందుకు పట్టుతారో, రాజు తన పేరు తానే ఎందుకు చెప్పుకొంటాడో ఒక్క మాటయినా ముందుగా చెప్పనివాణ్ణి కూడా నేనే.

నా చిన్ననాటి సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మా వీధిలో మగ్గం నేసే ఒక పెద్దాయన ఉండేవాడు. మేమందరం ఆయనను తాతా అని పిలిచేవాళ్ళం. ఏడెనిమిదేండ్ల వయసులో నన్ను మొదటిసారి భాగోతానికి తీసుకొనిపోయింది ఆయనే. గొంగడి పరచి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, తెర పట్టగానే నా చెవి దగ్గరికి వంగి, "గా తెర కింద కాళ్ళు సూడు బిడ్డా. గజ్జెలు గట్టిగ మోగితె రాజు, మెల్లగ మోగితె రాణి. ఎవరొచ్చిన్రో వాళ్ళే చెప్తరు, నువ్వు తొందరపడకు" అన్నాడు. నేను ఆ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఎవరో వస్తున్నారు, ఎవరో తెలియదు, తెలుసుకోవాలి. అదే నా రసాస్వాదనకు తొలి పాఠం. తర్వాత విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేటప్పుడు ఎస్వీ జోగారావు గారి 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' తిరగవేస్తూంటే, ఆ శాస్త్రానికంతటికీ ముందు నా చెవిలో ఆ తాత మాటే వినిపించింది.

ప్రతి కళకూ రెండు పరంపరలు ఉంటాయని నా అభిప్రాయం. ఆడేవారికి ఆట నేర్పే పరంపర ఒకటి. చూచేవారికి చూపు నేర్పే పరంపర రెండవది. మొదటిదానిని గురించి అందరూ బాధపడుతున్నారు. సభలు పెడుతున్నారు, సన్మానాలు చేస్తున్నారు. రెండవదానిని గురించి పట్టించుకొనేవారు లేరు. ఆ మగ్గం తాత వంటివారు ఇంటింటా ఉన్న రోజుల్లో దానిని పట్టించుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. నేడు ఆ తాతలు లేరు. వారి స్థానంలో ఎవరు కూర్చోవాలన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. చీనా దేశంలో మన యక్షగానం వంటి సంగీత నాటకాలు అనేకం ఉన్నాయి. వాటిలో పెకింగ్ నాటకం ప్రసిద్ధమైనది. మన వారికి రామాయణ భారతాల వలె, వారికి మూడు రాజ్యాల యుద్ధగాథలు, స్త్రీ రూపం ధరించి మానవుని ప్రేమించిన తెల్లపాము కథ, ఇట్టి పురాగాథలే ఇతివృత్తాలు. హైదరాబాదులో చదివే రోజుల్లో ఒక మిత్రుని గదిలో అట్టి నాటకం ఒకటి తెర మీద చూచాను. మొదటి పది నిమిషాలు నాకు తలనొప్పి వచ్చింది. సన్నని గొంతులు, తాళాల మోత, వట్టి రంగస్థలం. ఒక ముసలి పడవవాడు చేతిలో తెడ్డు పట్టుకొని నిలబడ్డాడు, ఒక పడుచు వచ్చింది. పడవ లేదు, నీరు లేదు. నా మిత్రుడు, "వాళ్ళ మోకాళ్ళు చూడు" అన్నాడు. చూచాను. ఒకరు లేస్తే ఇంకొకరు వంగుతున్నారు, ఒకరు వంగితే ఇంకొకరు లేస్తున్నారు. కొంతసేపటికి నాకు పడవ కనబడింది, దాని కింద అలలు కూడా కనబడ్డాయి. మిత్రుడు చెప్పింది ఒక్క మాట. మగ్గం తాత చెప్పినదీ అంతే.

ఆ తర్వాత ఆ కళను గురించి కొంత చదివాను. గుర్రం లేకుండా చేతిలో కొరడా ఉంటే ఆ మనిషి స్వారీ చేస్తున్నాడని అర్థం. ఒక బల్ల, రెండు కుర్చీలు సందర్భాన్ని బట్టి రాజసభ అవుతాయి, కొండ అవుతాయి, కోటగోడ అవుతాయి. ముఖాన ఎరుపు విశ్వాసానికి, తెలుపు కపటానికి, నలుపు నిష్పక్షపాతానికి గుర్తులు. ఈ అక్షరమాల తెలిసినవానికి ఆ నాటకం చదువుకోదగిన గ్రంథం, తెలియనివానికి అది గోల.

ఆ నాటకాన్ని కొత్తవారికి చూపించవలసి వచ్చినప్పుడు వారేమి చేశారన్నది మనం గమనించవలసిన విషయం. స్త్రీ పాత్రధారణలో సాటిలేనివాడని పేరు పొందిన మెయ్ లాన్‌ఫాంగ్ 1930లో అమెరికాకు పోయి ప్రదర్శనలిచ్చాడు. చూడవచ్చినవారికి చీనా భాష రాదు, ఆ కథలు తెలియవు. అందువల్ల అంత దీర్ఘమైన నాటకాలను యథాతథంగా ఆడక, వాటిలో సారమైన ఘట్టాలను ఎంచి కూర్చారు. ప్రతి ఘట్టానికి ముందు ఒక యువతి వేదిక మీదికి వచ్చి, ఇప్పుడు రాబోయే కథ ఇది, ఈ చేతి కదలికకు అర్థం ఇది అని ఆంగ్లంలో చెప్పేది. ఆ యాత్ర ఘనవిజయం పొందింది. హాంగ్‌కాంగ్‌లో 2019లో ఈ నాటకాల కోసమే ప్రత్యేకంగా తెరచిన రంగశాలలో, కొత్తవారి కోసం గంటన్నర ప్రదర్శన వేరుగా ఏర్పాటు చేశారు. తేనీరు త్రాగుతూ, వ్యాఖ్యాత చెప్పే మాటలు వింటూ కొన్ని ఘట్టాలు చూడవచ్చును. అది రుచించినవారు పూర్తి నాటకానికి వస్తారు. అంత పురాతనమైన కళ కొత్తవాని కోసం ఒక మెట్టు దిగిందంటే దానివల్ల దాని గౌరవం తగ్గలేదు.

చూచేవారి పరంపర తెగితే ఏమవుతుందో కూడా చీనా చరిత్రయే చెప్తుంది. పెద్దవయసు పురుష పాత్రలలో అగ్రగణ్యుడైన మా లియెన్‌లియాంగ్ (1901–1966) అనే నటుడు హుయీ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. మూడు రాజ్యాల గాథలలోని మహామంత్రి జూగె లియాంగ్‌గా ఆయన వేషం ఆ దేశంలో అందరికీ తెలిసినది. తన మతం తనది, తాను ధరించిన పాత్ర తన దేశపు కథలోనిది. ఈ రెంటి నడుమ ఆయనకు తగవు రాలేదు. తగవు మరొక దిక్కునుంచి వచ్చింది. చక్రవర్తికి ఎదురు నిలిచి నిజం చెప్పిన ఒక అధికారి కథను నాటకంగా ఆడినందుకు, సాంస్కృతిక విప్లవం తొలి నెలలలో ఆయనను అవమానాల పాలు చేశారు. 1966 డిసెంబరులో ఆయన మరణించాడు. దరిదాపు పదేండ్లపాటు పాత కథలకు రంగస్థలం మీద చోటు లేకపోయింది. తర్వాత నటులు తిరిగివచ్చారు. కాని ఆ పదేండ్లలో ఎదిగిన పిల్లలకు ఎదుట కూర్చొని చూచే అలవాటు తప్పిపోయింది. అక్కడ అధికారం చేసిన పనిని ఇక్కడ మన ఉపేక్ష నెమ్మదిగా చేస్తున్నది.

ఇక మన కళాశాల విషయానికి వస్తాను. ఇట్టి ప్రదర్శన ఒకటి మన ప్రాంగణంలో ఏర్పాటు చేయరాదా అని నేను కొందరు పెద్దలతో ముచ్చటించినప్పుడు మూడు అభ్యంతరాలు వినిపించాయి. మూడింటినీ గౌరవంతోనే పరిశీలించవలసి ఉన్నది.

మొదటిది మతానికి సంబంధించినది. "మాస్టారూ, అవి దేవుళ్ళ కథలు కదా, మన సంస్థలో ఎందుకు?" అని ఒక పెద్దమనిషి సౌమ్యంగానే అడిగారు. ఈ మాట నిర్లక్ష్యం చేయదగినది కాదు. పిల్లలను నమ్మి మన చేతుల్లో పెట్టిన తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడుగుతారు, అడిగే హక్కు వారికి ఉన్నది. నా సమాధానం ఇది. ఆట ముందు ప్రార్థన ఉంటుంది. అది ఆడేవారి విశ్వాసం, వారి హక్కు. మన విద్యార్థి ఆ ప్రార్థనలో పాల్గొననక్కరలేదు. ఇష్టమైతే మర్యాదగా నిశ్శబ్దంగా ఉండవచ్చు, లేదా ప్రార్థన తర్వాత వచ్చి కూర్చోవచ్చు. అసలు రాకపోయినా ఎవరూ ఏమీ అనరాదు. ఆ తర్వాత సాగేది కథ, సంగీతం, తెలుగు భాష. వాటిని చూచి మెచ్చుకోవటానికి విశ్వాసం మార్చుకోనక్కరలేదు.

చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. మనకు లభించిన యక్షగానాలలో తొలినాటిదిగా చెప్పుకొనే 'సుగ్రీవ విజయం' కందుకూరి రుద్రకవి రచన. ఆయన గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంనాటి కవి, ఆ సుల్తాను ఆదరణ పొందినవాడని ప్రసిద్ధి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నది ఆ ప్రభువునే. కూచిపూడి భాగవతులకు ఆ గ్రామాన్ని అబుల్ హసన్ తానీషా దానమిచ్చాడని వారి సంప్రదాయమే చెప్తున్నది. ఉర్దూ నాటకం సంగతి చూడండి. పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో లక్నోలో ఆగా హసన్ అమానత్ వ్రాసిన 'ఇందర్ సభా' ఉర్దూ నాటక చరిత్రకు ఆరంభదశలో నిలిచిన కృతి. దాని కథ ఎక్కడ జరుగుతుంది? దేవేంద్రుని కొలువులో! పారసీ నాటక సమాజాలకు ప్రాణం పోసిన ఆగా హష్ర్ కాశ్మీరీ బిల్వమంగళుని కథ వ్రాశాడు, సీతావనవాసమూ వ్రాశాడు. ఉర్దూ విభాగంలోని నా సహాధ్యాపకులు ఈ పేర్లు నాకన్న బాగుగా ఎరుగుదురు. ఇక మన తెలుగునాట షేక్ నాజర్ (1920–1997) బుర్రకథకు పర్యాయపదమై నిలిచాడు. పల్నాటి వీరుల కథ ఆయన గొంతులో విన్నవారెవ్వరూ గాయకుని మతం అడుగలేదు. చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ అనే హాస్యగాడు ఉన్నాడు. పురాణకథ నడుమ ఆ పేరుగలవాడు వచ్చి నవ్వించి పోతాడు. పల్లె జనం మనకు తమ రంగస్థలం మీద ఎప్పుడో చోటు ఇచ్చారు. వారి ఎదుట చాప మీద కూర్చోవటానికి మనం వెనుకాడటం ఏమి న్యాయం?

ఇంకొక మాట. ఈ ప్రాంతపు ఊళ్ళలో పీర్ల పండుగనాడు గుండం చుట్టూ అలాయి ఆడేవారిలో హిందువులే ఎక్కువమంది ఉంటారు. కర్బలా యోధుల శోకగాథను వారు తమ తెలుగులో పాడుకొన్నారు. ఆ పండుగ తీరును గురించి మనలో భేదాభిప్రాయాలు ఉన్నమాట వాస్తవమే. కాని తమది కాని ఒక దుఃఖాన్ని తమదిగా చేసుకొని కన్నీరు పెట్టుకొన్న ఆ జనం మన కథ గడపను ఏ సంకోచమూ లేకుండా దాటారు. వారి కథ గడప మనం దాటటం మర్యాదలో భాగమని నేను అనుకొంటాను.

రెండవ అభ్యంతరం కళాభిమానుల నుంచి వచ్చింది. "తెల్లవార్లూ ఆడవలసిన ఆటను గంటన్నరకు కుదిస్తే అది యక్షగానమా?" అని వారి ప్రశ్న. ఈ బాధ నాకూ ఉన్నది. రాత్రి రెండు గంటల వేళ, నిద్రకూ మెలకువకూ నడుమ, చలిలో గొంగడి కప్పుకొని వినే కాటి సీను వేరు. పగటిపూట సభాశాలలో విద్యుద్దీపాల కింద చూచే కాటి సీను వేరు. మొదటిదానికి రెండవది ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే నేను కోరుతున్నది ప్రత్యామ్నాయం కాదు, మల్దకల్ జాతరకు పోయే దారి. పంక్తిలో కూర్చోబెట్టక ముందు పిల్లవానికి ఒక ముద్ద కలిపి నోట పెట్టినంత మాత్రాన భోజనానికి అపచారం జరగదు. ముందుగా ఏమీ చెప్పక తెల్లవార్లూ కూర్చోబెట్టాలని నేను చేసిన ప్రయత్నం ఫలితం ఏమైనదో పైన చెప్పే ఉన్నాను.

పైగా, కొత్తవానికి చెప్పవలసినది చాలా తక్కువ. తెర కింద కాళ్ళు చూడాలి. తెర తీసేలోగా ఎవరో రాబోతున్నారన్న కుతూహలం పెరగాలి, అందుకే ఆ ఆలస్యం. వచ్చిన పాత్ర ప్రవేశ దరువు పాడి తన పేరు తానే చెప్పుకొంటుంది, లేదా సూత్రధారుడు "మీరెవరు?" అని అడిగి చెప్పించుకొంటాడు. నలుదిక్కుల నుంచి వచ్చి చీకట్లో కూర్చున్న జనానికి ఆ వేషం ఎవరిదో తెలియాలి కదా! అచ్చు కరపత్రాలు లేని కాలంలో ఇదే కరపత్రం. అంటే కొత్తగా చూడవచ్చినవానిని ఈ కళ మొదటినుంచీ మనసులో పెట్టుకొన్నది. సూత్రధారుడు కథను కలుపుతాడు, రాజును నిలదీస్తాడు, జనం పక్షాన ప్రశ్న అడుగుతాడు. దరువు ఆటకు, పద్యం హృదయంలోని మాటకు, వచనం కథ నడకకు. వంతపాటవారు చరణాన్ని తిరిగి అందుకొంటారు, మొదటిసారి విననివాడు రెండవసారి వింటాడు. రంగస్థలం చుట్టూ ఒకసారి తిరిగితే అయోధ్య నుంచి కాశీ చేరినట్లు. ఇవన్నీ చెప్పటానికి పావుగంట చాలు. పిల్లలకు ఇది పరీక్ష కోసం కంఠస్థం చేసే లక్షణంగా కాక, ఆట చూచేటప్పుడు పనికివచ్చే తాళంచెవిగా అందాలి.

మూడవ అభ్యంతరం ధనానికీ, కాలానికీ సంబంధించినది. ఇది నిజమైన ఇబ్బందియే. కాని లెక్కను రెండో వైపునుంచి కూడా చూడవలసి ఉన్నది. ఈ ఆటలు ఆడేవారిలో ఎక్కువమంది వృత్తి నటులు కారు. చిందు కళాకారుల వలె తరతరాలుగా ఇదే జీవనంగా బ్రతికిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ వంటి మహానటిని ఇచ్చినది అట్టి కుటుంబమే. తక్కిన ఊళ్ళలో సేద్యం చేసేవారు, దర్జీలు, కూలికి పోయేవారు కూడి, ఒక గురువును పిలిపించుకొని, పగలు పని చేసుకొని రాత్రులు నెలల తరబడి నేర్చుకొంటారు. తెలంగాణ పల్లెలలో చెర్విరాల భాగయ్య గారి యక్షగానాలు అట్లా ఎందరికో నోటికి వచ్చాయి. సాహిత్య గ్రంథం అనే మాట ఎరుగనివారు ఒక కావ్యాన్ని ఆమూలాగ్రం అప్పగించగలరు. గురువు సంభావనకు, వేషాల అద్దెకు తమ చేతి డబ్బే ఖర్చు పెట్టుకొంటారు. మనం ఇచ్చే ఒక సాయంకాలపు పారితోషికం మన ఖాతాలో చిన్న పద్దు కావచ్చు. వారికి అది వేషాల అద్దె. అంతకన్న ముఖ్యంగా, చదువుకొన్నవారు తమను పిలిచారన్న గౌరవం.

కాబట్టి కళాశాల యాజమాన్య సంఘం వారి ముందు నా ప్రతిపాదన ఉంచుతున్నాను. సంవత్సరానికి ఒక సాయంకాలం, మల్దకల్ జాతరకు ముందు వారంలో, ఈ ప్రాంతపు యక్షగాన బృందం ఒకదానిని పిలిపించాలి. హరిశ్చంద్ర కథతో మొదలుపెట్టటం బాగుంటుంది. ఇచ్చిన మాట తప్పరాదన్న ఒక్క నియమం కోసం రాజ్యాన్ని, ఆలిని, కన్నకొడుకును పోగొట్టుకొని కాటికాపరి అయిన రాజు కథ అది. వాగ్దానం విలువ ఎరిగిన ఏ ఇంటి పిల్లలకూ అది పరాయి కథ కాదు. పద్యనాటకంగా ఆడేటప్పుడు కాటి సీనులో క్రైస్తవ కవి గుర్రం జాషువా పద్యాలు పాడటం తెలుగునాట ఆచారమే అయింది. ఒక పురాణకథ ఎందరికి ఇల్లయిందో దీనినిబట్టి గ్రహించవచ్చును.

ఆ కథలో మూడు ఘట్టాలు చాలు: విశ్వామిత్రునికి రాజ్యం అప్పగించటం, కాశీలో ఆలుబిడ్డలను అమ్ముకోవటం, కాటి సీను. ప్రతి ఘట్టానికి ముందు ఒక విద్యార్థి తెలుగులో, ఒక విద్యార్థిని ఉర్దూలో రెండు నిమిషాలు మాట్లాడాలి. వారిని తయారుచేసే బాధ్యత తెలుగు, ఉర్దూ విభాగాలది. దీనివల్ల కథను తన ఇంటి భాషలో క్లుప్తంగా చెప్పే శిక్షణ పిల్లలకు దొరుకుతుంది. ప్రదర్శన ముగిసిన తర్వాత అరగంటసేపు కళాకారులతో ముఖాముఖి ఉండాలి. కిరీటం బరువు ఎంతో పిల్లలు చేతితో పట్టి చూడాలి. రాణి వేషం వేసిన మగవాడు తన పనిపాటలను గురించి చెప్పాలి. కళాకారులకు భోజనం, ప్రయాణం, పారితోషికం ముందే నిశ్చయించి ఆ రాత్రే చేతిలో పెట్టాలి. శాలువా కప్పి పంపివేయటం గౌరవం కాదు. ఆ తర్వాత జాతరకు రాదలచినవారిని అనుమతి పత్రాలతో మేము తీసుకొనిపోతాము. ఎంతమంది వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు అన్నది లెక్క వ్రాసి సంఘం వారికి సమర్పిస్తాను. మూడు సంవత్సరాలు జరిపి చూచిన తర్వాత ఫలితం లేదనిపిస్తే మాన్పించండి, నేను మారు పలుకను.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకు కూడా ఒక మాట. అర్థంకాని కళ ఎదురైనప్పుడు విసుగు రావటం తప్పు కాదు. చీనా నాటకం చూచిన తొలి పది నిమిషాలు నాకూ వచ్చింది. కాని విసుగు దగ్గరే లేచిపోయినవానికి ఆ తర్వాత ఏమున్నదో ఎన్నటికీ తెలియదు. పక్కనున్నవారిని అడగండి. మనది విద్వద్గద్వాల అని పేరు పొందిన సంస్థానపు నేల. ఊరూరా పాడుకొన్న పాండవోద్యోగ పద్యాలను వ్రాసిన తిరుపతి వేంకట కవులు అవధానాలు చేయటానికి వెదుక్కొంటూ వచ్చిన నేల. ఆ పేరు నిలబెట్టవలసినది కోట గోడలు కావు, మీ చెవులు, మీ కళ్ళు.

ఆ రాత్రి మల్దకల్‌లో నా దగ్గర చివరిదాకా మిగిలిన ఇద్దరిలో ప్రశ్న అడిగిన ఆ విద్యార్థిని ఒకతె. నిద్రమత్తులో ఉన్నా లేచిపోలేదు. తెల్లవారుజామున కాటి సీనులో, కొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకొన్న చంద్రమతిని హరిశ్చంద్రుడు సుంకం అడిగినప్పుడు, ఆమె నా వైపు తిరిగి, "సార్, ఆయనకు ఆమె ఎవరో తెలియదా?" అని గుసగుసగా అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఎవరొచ్చారో వాళ్ళే చెప్తారు, తొందరపడవద్దు అన్నాను. ఆమె మళ్ళీ రంగస్థలం వైపు తిరిగింది. తాత నాకు ఇచ్చిన మాట ఒకటి ఆ రాత్రి ఇంకొకరికి చేరింది. మిగిలిన ముప్పైతొమ్మిదిమందికి చేర్చటానికి సంఘం వారు ఒక్క సాయంకాలం ఇవ్వాలని నా విన్నపం.